చెన్నై ఎయిర్‌పోర్టులో 1, 2, 4 టెర్మినళ్లు ఉన్నాయి, 3 ఏమైంది? నెల్లూరు నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఎక్కడ దిగాలి?

విదేశీ ప్రయాణమైతే టెర్మినల్ 2 దగ్గర దిగాలి. టెర్మినల్ 3 ఇప్పుడు లేదు, కొత్త భవనం రెండో దశ కోసం దాన్ని పడగొట్టారు.

అసలు చిక్కు స్థలంతోనే. మీనంబాక్కం ఎయిర్‌పోర్టుకు ఒకపక్క జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు, రైలు పట్టాలు, ఇంకోపక్క అడయారు నది. పక్కకు జరగడానికి చోటేదీ? అందుకే పాతది తీసేసి అక్కడే కొత్తది కడుతున్నారు. 1,36,295 చదరపు మీటర్ల మొదటి దశను, అంటే ఇప్పటి టెర్మినల్ 2ను, 2023 ఏప్రిల్ 8న ప్రారంభించారు. దాంతో ఏడాదికి 2.3 కోట్ల మందికి సరిపోయే ఎయిర్‌పోర్టు 3 కోట్ల మందికి సరిపోయేలా పెరిగింది. విదేశీ విమానాలు అందులోకి మారాక, అంతకుముందు వాటికి వాడిన టెర్మినల్ 4ను దేశీయ విమానాలకు ఇచ్చేశారు. నంబర్లు మాత్రం మార్చలేదు, తికమకంతా దాంతోనే.

కావలి నుంచి కువైట్‌కి నేరుగా వెళ్లే మనిషి టెర్మినల్ 2కి వెళ్తాడు. అదే మనిషి ముందు ముంబై వెళ్లి, అక్కడ వేరే టికెట్ మీద కువైట్ విమానం ఎక్కేటట్టయితే చెన్నైలో 1కో 4కో వెళ్లాలి. చేతిలో పాస్‌పోర్టు, వీసా ఉన్నాయి కాబట్టి ఇంటర్నేషనల్ టెర్మినలే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చెన్నైలో ఎక్కే విమానం ఎక్కడ దిగుతుందన్నదే లెక్క.

కొన్నేళ్ల క్రితం వెళ్లొచ్చిన బంధువులు చెప్పే గుర్తులు ఇప్పుడు పనికిరావు. టికెట్ మీది టెర్మినల్ నంబరు చూసి, నాయుడుపేట దాటకముందే డ్రైవరుకు చెప్పండి.