షెడ్డులో బ్రేకులన్నీ మార్చాలంటున్నారు, మార్చాల్సిందేనా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది కడప. 2017లో కొన్న చిన్న పెట్రోల్ కారు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. తిరుమల పోదామని సర్వీసుకు ఇస్తే షెడ్డు ఆయన ఫోన్ చేసి ముందర ప్యాడ్లు, డిస్కులు, క్యాలిపర్లు, వెనక లైనర్లు, డ్రమ్ములు, మాస్టర్ సిలిండర్ అన్నీ పోయినాయి, 27 వేలు అయితాది అన్నాడు. పొద్దున్నే బండి తీసేటప్పుడు కీచుమంటాది తప్ప బ్రేకులు బాగానే పడతాండాయి. ఇప్పుడొద్దు అంటే "ఘాట్‌లో ఏమన్నా అయితే నన్నడగొద్దు" అన్నాడు, అది విని ఇంట్లో భయపడి మార్పించేయమంటాంది. ఏం చేయమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, ఘాట్ పేరు చెప్పేసరికి ఎవరైనా జేబులో చెయ్యి పెడతారు, నేనూ ఒకసారి పెట్టినోణ్ణే. అందరూ దొంగలని కాదు గానీ "పోయినాయి" అంటే సరిపోదు, ఎంత పోయినాయో చెప్పాల. నువ్వే షెడ్డుకు పో, చక్రాలు విప్పించి నీ ముందర కొలిచి చూపించమను, కొట్లాట ఏం వద్దు, చల్లగా అడుగు.

ప్యాడ్లంటే చక్రంతో తిరిగే డిస్కును రెండు పక్కలా పట్టి ఆపే ముక్కలు. కొత్త ప్యాడ్ మీద రాసుకునే భాగం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటాది, వెనక ఇనప రేకు లెక్కలోకి రాదు. అది 3 దగ్గరికి వచ్చిందంటే ఇంక బేరం ఆడొద్దు, మార్పించెయ్. 6, 7 ఉంటే మటుకు ఇప్పుడెందుకు అని అడుగు. డిస్కు మీద ఎంత మందం వరకు అరగొచ్చో కంపెనీనే అచ్చు కొట్టి ఉంటాది, మామూలుగా మిన్ టీహెచ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో. కొలిచిన మందం దానికన్నా ఎక్కువుండి, పగుళ్లు లేకుండా, బ్రేకు కొడితే పెడల్ వణక్కుండా ఉంటే ఆ డిస్కు ఇంకా పనికొచ్చేదే. అంచున గట్టు లేచింది కాబట్టి మార్చాలంటారు కొందరు, ఒక్క గట్టు చూసి మార్చేది కాదు. పొద్దున కీచు అంటావా, రాత్రి మంచుకు డిస్కు మీద సన్నగా తుప్పు పట్టి ఉంటాది, రెండు మూడు సార్లు బ్రేకు కొడితే పోతాది. రోజంతా కీచుమంటానే ఉంటే ప్యాడ్ అయిపోవచ్చిందని లెక్క.

వెనకవాటి మీద నాకు ఎక్కువ అనుమానం. బ్రేకు వేస్తే బరువంతా ముందుకు పడతాది కాబట్టి ముందరివే ఎక్కువ అరుగుతాయి, వెనక డ్రమ్ముల లోపల రాసుకునే లైనర్లు వాటికన్నా చానా ఎక్కువ కాలం వస్తాయి. అట్లని నా మాట పట్టుకుని వదిలేయొద్దు, డ్రమ్ము విప్పి చూడండి, లోపల ఆయిల్ లీకై లైనర్ తడిసి ఉంటే మందం ఉన్నా మార్చాల్సిందే. పెడల్ తొక్కితే చక్రాలకు బ్రేక్ ఆయిల్ నెట్టేది మాస్టర్ సిలిండర్, దానికి నువ్వే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. బండి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, పెడల్ గట్టిగా తొక్కి అర నిమిషం అట్లే పట్టుకో, మెల్లగా కిందికి దిగిపోతాంటే అనుమానం నిజమే, రాయి మాదిరి నిలబడితే ఎందుకు మార్చాలో ఆయన్నే చెప్పమను. ఇంక ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పోయిందంటే బండి ఒక పక్కకు లాగాల, ఒక చక్రమే బాగా కాలాల, లేకుంటే లోపలి ప్యాడ్ ఒక రకంగా బయటిది ఇంకో రకంగా అరగాల. చానాసార్లు క్యాలిపర్ జరిగే పిన్నులు పట్టేసి ఉంటాయి, క్లీన్ చేసి దానికి పనికొచ్చే గ్రీజు పెడితే మళ్లీ ఆడతాయి.

నాకు నవ్వొచ్చిందేమంటే ఇంత పెద్ద లిస్టులో బ్రేక్ ఆయిల్ లేదు! ఘాట్‌కు ముందు చూడాల్సిందే అది. ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటాది, డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు చేరితే 155 దగ్గరే మరగొచ్చు. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే వస్తే వేడికి లోపల ఆవిరి పుట్టి పెడల్ మెత్తగా కిందికి పోతాది. రెండేళ్లు దాటి ఉంటే మార్పించు, దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో రా.

ఇంకో షెడ్డులో కూడా చూపించు, కానీ మొదటాయన లిస్టు చెప్పొద్దు, చెప్పినావంటే అదే వల్లిస్తారు. ఏది మార్చినా పాత సామాన్లు అడిగి తీసుకో, ముందే వాటి మీద గోళ్ల రంగు చుక్క పెట్టినావంటే ఇంకెవరివో తెచ్చి చూపించలేరు. చెప్పకుండా మార్చేసి బిల్లు వేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

ప్రశ్న: సార్, కర్నూలు నుంచి. కారు బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ తగ్గింది, పోసేస్తే సరిపోతుందా?

జవాబు: ముందు ప్యాడ్లు చూపించండి సార్, అవి అరిగేకొద్దీ లెవెల్ దిగుతుంది. ఇప్పుడు నిండా పోస్తే రేపు కొత్త ప్యాడ్లు వేసినప్పుడు పొంగి బయటికొచ్చి పెయింట్ తినేస్తుంది. ఉన్నట్టుండి తగ్గిందంటే మాత్రం లీకే, చక్రాల లోపలి పక్క తడి ఉందేమో చూసి, బండి నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.