13 అడుగుల కొండచిలువ, అందులోనూ కరిచేది: తీసుకోవాలా వద్దా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ స్నేహితుడు దేశం వదిలి వెళ్లిపోతున్నాడు. తన దగ్గరున్న 13 అడుగుల ఆడ రెటిక్యులేటెడ్ పైథాన్‌ని (ప్రపంచంలో అన్నిటికంటే పొడవు పెరిగే కొండచిలువ జాతి) పెట్టెతో సహా ఊరికే ఇచ్చేస్తానంటున్నాడు. "కొంచెం కరుస్తుంది" అని కూడా చెప్పాడు. మీరు మూడేళ్లుగా ఒక బాల్ పైథాన్‌ని, అంటే చిన్న జాతి కొండచిలువని, పెంచుతున్నారు. ఇంట్లో మీరు, మీ అన్నయ్య ఉంటారు. తీసుకోవచ్చా అని అడిగారు.

నేను ఇలాంటి పామునే తీసుకున్నాను. అప్పటికి ఆరేళ్లుగా చిన్న పాములు పెంచుతున్నాను. ఇది 12 అడుగుల ఆడ రెటిక్ (రెటిక్యులేటెడ్ పైథాన్‌ని పొట్టిగా అలా అంటాం), బరువు 19 కిలోలు. అదీ ఎవరో వదిలించుకుంటున్నదే, అదీ కరిచేదే. నాలుగేళ్లు నా దగ్గర ఉంది. అందుకే నా జవాబు ముందే చెప్పేస్తాను. పాము సంగతి తర్వాత, రెండో మనిషి సంగతి ముందు తేల్చుకోండి. పెట్టె తలుపు తెరిచే ప్రతిసారీ మీ పక్కన నిలబడటానికి భయపడని, బలమున్న ఇంకో మనిషి ఉండాలి. ఈ వారం, ఈ నెల ఉంటే చాలదు. రెటిక్‌లు బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు దాటి బతుకుతాయి. అన్నేళ్లూ ఉండాలి. ఆ మనిషి లేకపోతే తీసుకోకండి.

ఇక ఆ "కొంచెం కరుస్తుంది" అన్న మాట. ఏ కాటు అని మీ స్నేహితుణ్ని అడగండి. పాము కాట్లు రెండు రకాలు, రెండింటికీ పోలికే లేదు. ఒకటి భయంతో వేసే కాటు. మెడను మెలిక తిప్పి వెనక్కి లాక్కుంటుంది, బుస కొడుతుంది, కొట్టి వెంటనే వదిలేస్తుంది. దూరంగా పొమ్మని చెప్పడమే దాని ఉద్దేశం. రెండోది ఆకలి కాటు. దీనికి బుస ఉండదు, హెచ్చరిక ఉండదు. నాలుక చకచకా ఆడుతుంది, తల మీ కదలికను అనుసరిస్తుంది. కొట్టిందంటే పట్టుకునే ఉంటుంది, పట్టుకున్న మరుక్షణం చుట్టేస్తుంది. చూసేవాళ్లకు మొదటిది కోపంగా, రెండోది ప్రశాంతంగా కనిపిస్తుంది. ప్రమాదం మాత్రం రెండోదాంట్లోనే ఎక్కువ.

నా పాము పాత యజమాని పెట్టె తలుపును మేత వేయడానికి తప్ప తెరిచేవాడు కాడు. దాంతో తలుపు కదిలిందంటే తిండి వచ్చిందనే దానికి అలవాటైపోయింది. రెటిక్‌ల పెదవుల వెంట చిన్న గుంటలుంటాయి, అవి వేడిని పసిగడతాయి. చీకట్లో వెచ్చగా కదిలేదేదైనా దానికి ఎలుకో కుందేలో. మన చెయ్యి కూడా అంతే. పాము పగ పట్టిందని అంటాం కానీ దాని మనసులో పగ లేదు. తలుపు, వేడి, మేత, ఈ మూడూ ఒకటిగా ముడిపడిపోయాయి, అంతే. ఇది అర్థమయ్యాక నాకు దాని మీద కోపం పోయి జాలి కలిగింది.

కానీ అది అర్థం కాకముందే ఒకసారి కరిచింది. మూడో వారం. గడ్డకట్టిన కుందేలును కరిగించి, వెచ్చజేసి, బకెట్లో పెట్టుకుని గదిలోకి వెళ్లాను. కుందేలు వాసన అప్పటికే గదంతా నిండింది, నా చొక్కా చేతికి కూడా అంటుకుంది. పటకారు తీసుకోకముందే తలుపు కొద్దిగా జరిపాను. చేసిన తప్పు అదే. కదలిక కనబడనే లేదు. ముంజేతి మీద తడిగుడ్డతో కొట్టినట్టు తగిలింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. చూసేసరికి తల నా చేతి మీద ఉంది, ఒక చుట్టు మోచెయ్యి దాటింది, రెండోది పడుతోంది. కండ బిగుసుకోవడం చర్మం కింద అలలా తెలిసింది. కాసేపటికి వేళ్లు ముడవమంటే ముడవలేదు.

అప్పుడు నాతో ఒకే ఇంట్లో ఉంటున్న స్నేహితుడు పక్కనే ఉన్నాడు. తీసుకొచ్చేటప్పుడే ఇద్దరం అనుకున్నాం: కరిస్తే ఎవరూ లాగకూడదు అని. ఈ పాముల పళ్లు లోపలికి వంగి ఉంటాయి. లాగితే చర్మం చిరుగుతుంది, పళ్లు విరిగి లోపల ఉండిపోతాయి. నేను దాని తల వెనక మెడను కదలకుండా పట్టుకున్నాను. అతను తోక వెతికి, తోక వైపు నుంచి ఒక్కో చుట్టూ విప్పాడు. తల వైపు నుంచి విప్పబోతే బలం చాలదు, తోక దగ్గర పట్టు బలహీనం. చుట్లు విడిపోయాక నోటి పక్కన కొంచెం స్పిరిట్ పోస్తే వదిలింది. మొత్తం నాలుగైదు నిమిషాలు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా డాక్టరు రెండు పంటి ముక్కలు బయటికి తీశారు.

ఒంటరిగా ఉంటే ఏమయ్యేదని చాలాసార్లు ఆలోచించాను. అది చేతి మీద కాబట్టి సరే. మెడ చుట్టూ పడి ఉంటే? కొండచిలువ ఊపిరాడకుండా చేసి చంపుతుందని మనమందరం అనుకుంటాం. కానీ 2015లో అమెరికాలో కొందరు పరిశోధకులు బోవా (కొండచిలువలాగే చుట్టి చంపే పాము) పట్టిన ఎలుకల్లో రక్తపోటు కొలిచి చూశారు. కొన్ని సెకన్లలోనే రక్తప్రసరణ దెబ్బతింటోందని తేలింది. ఊపిరి బిగబట్టి తంటాలు పడి విడిపించుకునేంత సమయం మెడకు ఉండదని నాకు ఆ లెక్క చెప్పింది. అందుకే పెద్ద పాములు పెంచేవాళ్లు దాదాపు ప్రతి ఐదడుగులకూ ఒక మనిషి అంటారు. 13 అడుగులంటే కనీసం ఇద్దరు ఉండాలి. ముగ్గురుంటే నయం.

ఆ తర్వాత అలవాటు మార్పించాం. మేత లేని రోజుల్లో తలుపు తెరవగానే పొడవాటి కొక్కెం కర్రతో దాని ఒంటి మధ్యలో మెల్లగా తాకడం. తాకితే తిండి లేదని, తాకకపోతే ఉందని దానికి తెలియాలి. మొదట్లో కర్రనే కొట్టేది. దాదాపు మూడు నెలలకు, తాకగానే తల దించి, నాలుక నెమ్మదిగా ఆడిస్తూ ఒళ్లు వదులు చేయడం మొదలుపెట్టింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. అది నన్ను ప్రేమించిందని కాదు, నా నుంచి ఏం వస్తుందో దానికి తెలిసింది. పాము విషయంలో నమ్మకమంటే అదే. మేత మూడు నాలుగు వారాలకోసారి, పొడవాటి పటకారుతో మాత్రమే. మేత తిన్నాక కొన్ని రోజులు ముట్టుకోకుండా వదిలేసేవాళ్లం. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగులోకి మారతాయి, చూపు సరిగ్గా ఆనదు, ఆ రోజుల్లోనూ జోలికి పోకూడదు.

అంటే కోపిష్టి పాము మారుతుందా అంటే, చాలావరకు మారుతుంది. మీ స్నేహితుడి పాము కూడా మారొచ్చు. నేను దాన్ని వదులుకోవడానికి కారణం దాని కోపం కాదు.

మూడో ఏడు నా స్నేహితుడు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. పాము అప్పటికి 15 అడుగులకు దగ్గరైంది, 34 కిలోలు. నేను ఒంటరిగా తలుపు తెరవనని నియమం పెట్టుకున్నాను, దాన్ని తప్పలేదు. కానీ దానివల్ల ఏమైందో చూడండి. అది మలం విసర్జిస్తే సాయానికి ఎవరో ఒకరు వచ్చేదాకా అలాగే ఉండేది. తెలిసినవాళ్లను బతిమాలి పిలిచేవాణ్ని. ఒకరోజు, రెండు రోజులు, ఒకసారి నాలుగు రోజులు పట్టింది. నీళ్ల తొట్టి ఒలికి కింద పరిచింది తడిగా, మురికిగా ఉండిపోయింది. ఆ నెల కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. పొట్ట కింద పొలుసులు గోధుమ రంగుకు తిరిగి, అక్కడక్కడా నీటి పొక్కుల్లా లేచాయి. అద్దానికి ఆనుకుని అది పైకి లేచినప్పుడు ఆ పొట్ట నాకు కనబడింది. నా భద్రత కోసం పెట్టుకున్న నియమం దాని ఒంటి మీద పుండైంది. ఆ రాత్రే దానికి వేరే ఇల్లు వెతకాలని నిర్ణయించుకున్నాను. వెతకడానికి పది నెలలు పట్టింది. పెద్ద కరిచే పామును తీసుకునేవాళ్లు నిజంగా తక్కువ. చివరికి పెద్ద పాములే పెంచే ఒక జంట తీసుకున్నారు. పుండ్లు మానడానికి మూడు కుబుసాలు పట్టిందని చెప్పారు.

అందుకే "ఊరికే ఇస్తున్నాడు" అన్న మాటను పక్కన పెట్టండి. ఇప్పుడు 13 అడుగులున్నా అది అక్కడే ఆగుతుందని అనుకోకండి. ఈ జాతిలో ఆడవే బాగా పెద్దవవుతాయి. 2011లో అమెరికాలోని కాన్సస్ సిటీలో కొలిచి గిన్నిస్‌లో ఎక్కించిన పెంపుడు రెటిక్ పొడవు 7.67 మీటర్లు, అంటే 25 అడుగులు. మీది అంత అవదు కానీ 16, 17 అడుగులు అయితే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. పెట్టె కనీసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండాలి. ఒక చివర 31, 32 డిగ్రీలు, రెండో చివర 26 దాకా. థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) లేని హీటర్ వద్దే వద్దు, పాము వేడిని తప్పించుకోకుండా కాలిపోతూ కూడా అక్కడే పడుకుంటుంది. పెట్టెకు తాళం, గదికి ఇంకో తాళం. ఇంటికి చిన్నపిల్లలు వస్తూపోతూ ఉంటే ఈ ఆలోచనే మానుకోండి, ఇందులో బేరం లేదు.

మీ బాల్ పైథాన్ గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. నాకు దాని గురించే బెంగ. కొత్తది వస్తే రెండింటికీ కనీసం మూడు నెలలు వేరే గదులు, వేరే పటకారు, వేరే నీళ్ల తొట్టి. ముందు బాల్ పైథాన్ పని ముగించి ఆ తర్వాతే కొత్తదాని గదిలోకి వెళ్లండి. కొండచిలువలకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే నిడోవైరస్‌ను 2014లో గుర్తించారు, బాల్ పైథాన్‌లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. పైకి బాగున్న పాము కూడా దాన్ని మోస్తూ ఉండొచ్చు. పాములు తెలిసిన పశువైద్యుడు మీకు అందుబాటులో ఉన్నారా? లేకపోతే అదీ లెక్కలో వేసుకోండి.

పాము దగ్గరికి కనీసం మూడుసార్లు వెళ్లి చూడండి, మీ అన్నయ్యతో కలిసి. మీ స్నేహితుణ్ని మీ ఎదుట తలుపు తెరవమనండి, పామును బయటికి తీయమనండి. అతను సాకులు చెప్పి తెరవకపోతే అదే మీకు జవాబు. తెరిస్తే నోటి చివర నురగ, ఊపిరిలో గురక, నోరు తెరిచి పైకి చూస్తూ ఉండిపోవడం, తల ఒక పక్కకు తిరిగిపోవడం ఇలాంటివి చూడండి. పొలుసుల మధ్య, కంటి చుట్టూ, నీళ్ల తొట్టి అడుగున నల్లటి చుక్కలుంటే అవి పురుగులు. మేత ఎప్పుడు, ఎంత, ఎలా వేశాడో అడగండి. రాసిపెట్టుకున్న పుస్తకం ఉంటే మంచి మనిషి చేతిలో పెరిగిందనుకోవచ్చు. కాగితాలు కూడా అడగండి. కొండచిలువ జాతులన్నీ సైటిస్ ఒప్పందం (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) కిందికి వస్తాయి. మీరున్న చోట పెద్ద పాములకు అనుమతి కావాలో, అసలు పెంచనిస్తారో లేదో మీరే తెలుసుకోవాలి.

ఒకవేళ తీసుకున్నాక కుదరకపోతే బయట వదిలేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలల్లో పెంపుడు బర్మీస్ కొండచిలువలు అలా బయటపడి స్థిరపడ్డాయి. 2012లో వెలువడిన అధ్యయనంలో అక్కడ రకూన్‌లు (పిల్లికంటే కాస్త పెద్దగా ఉండే అడవి జంతువులు) కనబడటం 99 శాతం తగ్గిందని తేలింది. మీ దగ్గర చలి ఎక్కువైతే అది ఇంకోలా ముగుస్తుంది, పాము గడ్డకట్టి చస్తుంది. రెండూ మన చేతులారా చేసిన పాపాలే.

మీ స్నేహితుడు ఎప్పటిలోగా వెళ్లాలో మీరు రాయలేదు. తొందర ఉందంటే కొన్నాళ్లు పామును ఇంకెవరి దగ్గరైనా ఉంచే ఏర్పాటు చేసుకోమనండి, మీరు ఈ లోపల చూసివచ్చేందుకు వీలవుతుంది. మీ అన్నయ్యకు ఇక్కడ రాసింది పూర్తిగా చదివి వినిపించండి, కాటు గురించి రాసింది ఒక్క ముక్క కూడా వదలకుండా. వచ్చే ఐదేళ్లలో ఆయన ఎక్కడుంటారో, పెళ్లయినా ఉద్యోగం మారినా ఈ పాముకు రెండో మనిషి ఎవరో అడగండి. ఆయన "ఏమో, చూద్దాంలే" అంటే మీ స్నేహితుడికి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. కచ్చితంగా పేరు చెప్పగలిగితే మళ్లీ ఇక్కడ రాయండి, పెట్టెకు ఎలాంటి గొళ్లెం పెట్టించాలో, కొక్కెం ఎంత పొడవుండాలో అప్పుడు వివరంగా చెబుతాను.