కాలువ ఇంజినీరు నాన్న గురించి ఎలా రాయాలి?

ప్రశ్న: మా నాన్నగారు ఇరిగేషన్ శాఖలో డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) రిటైరయ్యారు. ఉద్యోగం చాలావరకు వంశధార ఎడమ కాలువ మీదే గడిచింది. పోయిన ఏడాది తొంభై ఒకటో ఏట కాలం చేశారు. సంవత్సరీకం నాటికి బంధువులకి పంచేలా చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. నేను రాసింది ఫలానా ఏడు చేరారు, ఫలానా చోటికి బదిలీ అంటూ సర్వీసు రిజిస్టరులా ఉంది. తమ్ముడు రాసింది సన్మానపత్రంలా ఉంది. నాన్నగారు ఇంట్లో పెద్దగా మాట్లాడేవారు కాదు. ఏం రాయాలో తెలీక టెన్షన్‌గా ఉంది. అమ్మ మా దగ్గరే ఉంది.
- ఒక కూతురు, ఆమదాలవలస

జవాబు: అమ్మగారు మీ దగ్గరే ఉన్నారంటున్నారు కదమ్మా, ముందు ఆవిడ పక్కన కూర్చోండి. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఉన్నారు, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు, మీలో ఎవరు ఏ ఊళ్లో పుట్టారు, ఎవరి చదువు ఏ బదిలీకి మధ్యలో ఆగింది, ఇవన్నీ అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇరిగేషన్ ఇంజినీరు కాపురం అంటే సగం కథ భార్యదే. హిరమండలం వైపు వానాకాలంలో ఆయన కాలువ గట్టు మీద ఉంటే, పిల్లలకి జ్వరం వచ్చిన రాత్రి ఆవిడ ఎవరి తలుపు తట్టారో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

నేను విజయనగరంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ట్రేసింగ్ బట్ట మీద నల్ల సిరాతో కాలువల ఎల్.ఎస్.లు, అంటే కాలువ పొడవునా వాలు చూపే పటాలు, గీసినవాణ్ణి. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఆయన చేసిన పనేమిటో మనవలకి అర్థమయ్యేలా రెండు పేజీలైనా రాయండి. ‘గొప్ప ఇంజినీరు’ అంటే పిల్లలకి ఏమీ తెలియదు. గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార నీళ్లు ఎడమ కాలువలోకి మళ్లి, నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస వైపు వంద కిలోమీటర్లు దాటి పోతాయి. దారిలో ఎక్కడా మోటారు లేదు, అంతా వాలే. అలాంటి కాలువలకి కిలోమీటరుకి పదో ఇరవయ్యో సెంటీమీటర్ల వాలు ఉంటుంది. అంటే లెవెల్ తీసేటప్పుడు (నేల ఎత్తుపల్లాలు కొలిచేటప్పుడు) స్టాఫ్ అనే కొలతకర్ర మీద అంకె ఒక్కటి తప్పు చదివితే, ఆ తర్వాత లెక్కంతా తప్పుతుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు. ఆ ఒక్క క్యూసెక్కూ ఒక రోజంతా పారితే, రెండెకరాల్లో సుమారు అడుగు లోతు నీళ్లు నిలుస్తాయి. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి, తాతగారి పని వాళ్లకి తెలుస్తుంది.

మీ నాన్నగారు చదివిన రోజుల్లో అడుగులు, అంగుళాలు. ఉద్యోగంలో చేరాక దేశమంతా మీటర్లకి మారింది. కొత్త కొలతలకి అలవాటుపడ్డ తరం అది. ఇంట్లో ఆయన పాత ఫీల్డుబుక్కులు, డైరీలు ఉంటే పారేయకండి. మార్జిన్లో స్కూలు ఫీజు, పాలవాడి బాకీ రాసి ఉండొచ్చు. దొరికితే ఆ పేజీనే ఫోటో తీసి అచ్చువేయండి. ఉద్యోగం, కుటుంబం అని మీరు వేరువేరు అధ్యాయాలు పెట్టబోతున్నారేమో, వద్దు. ఆయనకి ఆ రెండూ ఒకే కాగితం మీద ఉండేవి.

సంతకం సంగతి కూడా రాయండి. ఎం.బుక్‌లో, అంటే జరిగిన పని కొలతల పుస్తకంలో, పొడవు, వెడల్పు, లోతు రాసి సంతకం పెడితేనే కాంట్రాక్టరుకి బిల్లు పాసవుతుంది. అంకె తప్పితే చెరిపేయకూడదు. కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గర నిజాయితీగా నిలబడ్డవాళ్ల ఇళ్లు ఎలా ఉండేవో నాకు తెలుసు. పండక్కి పిల్లలకి ఒక్కొక్క జత బట్టలు, అదీ బట్టల కొట్టులో అప్పు మీద. మీ ఇంట్లోనూ అలాగే గడిచి ఉంటే, సిగ్గుపడకుండా రాయండి.

కాలువ శివార్లలోని రైతుల్నీ కలవండి. టెక్కలి, నందిగాం వైపు చివరి తూముకి నీళ్లు చేరడం ఎప్పుడూ పెద్ద గొడవే. ఉభాల (వరినాట్ల) వేళ నీళ్లకోసం రాత్రుళ్లు షట్టర్ల దగ్గర కాపలా కాసినవాళ్లు, కాలువ మీద పనిచేసిన పాత లస్కర్లు (కాలువ కాపలాదార్లు) ఇంకా కొందరు ఉంటారు. ‘ఆ డీఈగారు’ అనగానే వాళ్లు చెప్పేది వాళ్ల యాసలోనే రాయండి, దిద్దకండి. 1980లో వంశధారకి పెద్ద వరద వచ్చింది. అప్పుడు ఆయన ఎక్కడున్నారో అమ్మగారికి తప్పకుండా గుర్తుంటుంది.

మాట్లాడని మనిషి అన్నారు. అదీ రాయండి. కోపం ఉంటే కోపం, మీ పెళ్లి చూపుల రోజున కూడా సైటుకి వెళ్లిపోయి ఉంటే అదీ. తొంభై ఏళ్ల మనిషిని తప్పులేని దేవుణ్ణి చేస్తే ఆయన్ని ఎరిగిన వాళ్లే పుస్తకం పక్కన పెట్టేస్తారు. ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీ చేతిలోని రసమట్టం లాక్కుని పునాది తనే చూసుకునే రకమైతే, ఆ ముక్క ఒక్కటే పేజీడు విశేషణాల పెట్టు.

తమ్ముడుగారి సన్మానపత్రం మొత్తం తీసేయమని చెప్పను. అందులో తమ్ముడుగారు తన కళ్లతో చూసిన సంఘటన ఒక్కటైనా ఉంటే అది ఉంచండి. పదోన్నతులు, బదిలీలు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేయండి. ఫోటోల కింద ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అన్నది అమ్మగారు చెప్పగా ఇప్పుడే రాసుకోండి. అచ్చుకి ఇచ్చేముందు పుస్తకమంతా ఆవిడకి చదివి వినిపించండి.