పద్మిని కారుకి చక్రాలు కొనేముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

బెజవాడ నుంచి మీ మావయ్య ఆశీస్సులు. అక్కా, బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన అల్లాయ్ చక్రాల ఫోటోలు చూశాను. 15 అంగుళాలవి, చూడ్డానికి బాగున్నాయి. రేపో ఎల్లుండో అడ్వాన్స్ ఇస్తానన్నావు. ఇవ్వకు. ముందు ఈ ఉత్తరం చదివి, కారు పక్కన కూర్చుని నాలుగు కొలతలు తీసుకో. ఆ తర్వాత కూడా అవే కావాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం.

బావగారు నీకు అప్పగించింది 78 మోడల్ పద్మిని. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు ఫియట్ 1100 మీద కట్టిన బండి. 1089 సీసీ ఇంజను, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), పవర్ స్టీరింగ్ లేదు. ఆ బండిలో ప్రతి భాగమూ 14 అంగుళాల సన్న టైరుకి లెక్కగట్టి చేసిందే. దానికి ఏ సైజు పడుతుందో చెప్పాల్సింది కొట్టు కాదు, ఫోటో కాదు. ఆ కారు కింద చక్రం బిగించే హబ్బూ, కమాన్ కట్టా, మడ్‌గార్డూ చెప్పాలి. ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా పాత కార్ల చక్రాలు విప్పి బిగిస్తూ నేను గట్టిగా నమ్మే మాట ఇదొక్కటే.

పాత టైరు మీద 5.20-14 అని ఉంటుంది, చూడు. 5.20 అంటే టైరు వెడల్పు, అంగుళాల్లో. 14 అంటే డిస్కు, అదే టైరు ఎక్కించే చక్రం, దాని వ్యాసం. ఇప్పటి టైర్ల మీద ఉండే మధ్య అంకె, అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్పేది, దీని మీద ఉండదు. ఆ తరం నైలాన్ టైర్లకి గోడ ఎత్తు వెడల్పుకి దాదాపు సమానం, సుమారు 95 శాతం. లెక్క వేసుకో. 5.20 అంగుళాలంటే 132 మిల్లీమీటర్లు. గోడ ఎత్తు 125. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపి 250, మధ్యలో డిస్కు 356. మొత్తం చక్రం ఎత్తు 606 దగ్గర తేలుతుంది. కంపెనీని బట్టి అయిదారు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, ఫర్వాలేదు.

ఈ 606ని పట్టుకుని మిగతావి చూడు. 155/80 R14 (వెడల్పు 155 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం, డిస్కు 14 అంగుళాలు) అయితే 604 వస్తుంది, ఇంచుమించు అదే ఎత్తు. 165/80 R14 అయితే 620, రెండు శాతం చిల్లర ఎక్కువ. మీటరు 60 చూపిస్తుంటే బండి 61 దాటి పోతున్నట్టు, అంతే తేడా. ఎవరో 13 అంగుళాల డిస్కులు చవగ్గా ఇస్తామన్నారని రాశావు కదా, వాటి మీద 155/80 R13 వేస్తే 578కి పడిపోతుంది. బండి 14 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అదే స్పీడుకి ఇంజను ఎక్కువ తిరగాలి, హైవే మీద ఆ చిన్న ఇంజను అరుస్తూనే ఉంటుంది. అసలు ఎత్తుకి మూడు శాతం దాటి ఎటూ పోకూడదన్నది నేను పాటించే హద్దు. 13 సంగతి మర్చిపో.

నువ్వు చూసిన 15 అంగుళాల వాటి మీద 195/55 టైరు వేస్తామన్నారు. ఎత్తు 596. ఈ ఒక్క లెక్కలో కొట్టు వాళ్లు చెప్పింది నిజమే, ఎత్తు సరిపోతుంది. చిక్కంతా వెడల్పులో ఉంది.

వెడల్పు అంటే ముందు డిస్కు వెడల్పు. దీన్ని చాలామంది బయటి అంచు నుంచి బయటి అంచుకి టేపు పెట్టి కొలుస్తారు. అలా కాదు. టైరు కూర్చునే చోట, లోపలి గోడ నుంచి లోపలి గోడకి కొలవాలి. బయట కొలిస్తే సుమారు అంగుళం ఎక్కువ చూపిస్తుంది, దాంతో నాలుగు అంగుళాల డిస్కుని అయిదనుకుని టైరు కొనేస్తారు. కొన్ని డిస్కుల మీద సైజు గుద్ది ఉంటుంది, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి చూడు. నీది నాలుగు అంగుళాలు ఉంటే 155 నిశ్చింతగా వేసుకోవచ్చు, 165/80 కూడా పడుతుంది కానీ దానికి అదే కనీసపు వెడల్పు. 175/70కి కనీసం నాలుగున్నర కావాలి. అదే మూడున్నర అంగుళాల డిస్కయితే 5.20 దగ్గరే ఉండు, లేదా 145 దొరికితే చూడు. సన్న డిస్కు మీద లావు టైరు ఎక్కిస్తే పక్క గోడలు లోపలికి నొక్కుకుపోయి, ట్రెడ్ మధ్యలో ఉబ్బి అక్కడే అరుగుతుంది. మలుపులో బండి ఊగుతుంది కూడా.

ఇక ఆఫ్‌సెట్. అందరూ వదిలేసేది ఇదే, కారుని పాడుచేసేదీ ఇదే. డిస్కు హబ్బుకి ఆనుకునే ముఖం డిస్కు వెడల్పుకి సరిగ్గా నడుమ ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ ముఖం బయటి వైపు జరిగి ఉంటే ప్లస్, లోపలికి ఉంటే మైనస్. ఇప్పటి ముందు చక్రాలు లాగే కార్ల అల్లాయ్‌లకి ఇది ప్లస్ 35 నుంచి 45 దాకా ఉంటుంది. పాత, వెనక చక్రాలు తోసే బండ్లకి సాధారణంగా అంత ఉండదు. ఉదాహరణకి మన నాలుగు అంగుళాల డిస్కు ఆఫ్‌సెట్ 25 అనుకో. హబ్బు ముఖం నుంచి లోపలికి 76 మిల్లీమీటర్లు, బయటికి 26 ఉంటుంది. ఆరున్నర అంగుళాల అల్లాయ్, ఆఫ్‌సెట్ 40ది పెడితే లోపలికి 122, బయటికి 42 అవుతుంది. అంటే కమాన్ కట్ట వైపు 46 మిల్లీమీటర్లు లోపలికి, మడ్‌గార్డు వైపు 16 బయటికి. పైన టైరు పొట్ట ఉబ్బు వేరే. అంత జాగా నీ కారులో ఉందో లేదో వేళ్లు పెట్టి చూసుకో. జాగా లేకపోతే స్పేసర్, అంటే హబ్బుకీ డిస్కుకీ మధ్య బిళ్ల, వేద్దాం అంటారు. వద్దు. స్పేసర్ చక్రాన్ని హబ్బు నుంచి దూరం జరుపుతుంది, ఆ బరువంతా బేరింగు మీదా బోల్టుల మీదా పడుతుంది.

ఆఫ్‌సెట్ కొలవడం తేలికే. చక్రం విప్పి, బయటి ముఖం నేలకి ఆనేట్టు పడుకోబెట్టు. పైన అంచు మీద అడ్డంగా తిన్నని కర్ర పెట్టు. కర్ర నుంచి హబ్బు ఆనే ముఖం దాకా స్కేలు దించి రాసుకో. అందులోంచి డిస్కు బయటి వెడల్పులో సగం తీసెయ్యి, మిగిలిందే ఆఫ్‌సెట్. ఇక్కడ మాత్రం బయటి అంచుల కొలతే వాడాలి, పొరపడకు.

బోల్టుల సంగతి. నాలుగు బోల్టులుంటే ఎదురెదురు బోల్టుల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే సరి. టేపుతో వద్దు, వెర్నియర్ అడిగి తీసుకుని కొలువు. ఎందుకంటే ఇక్కడ రెండు మిల్లీమీటర్ల తేడా ప్రాణం మీదికి తెస్తుంది. ఫియట్ పాలియో, ఊనో డిస్కులకి ఆ దూరం 98 మిల్లీమీటర్లు, మారుతీ స్విఫ్ట్‌వాటికి 100. 98 హబ్బుకి 100 డిస్కు పెట్టి చూడు, ఎక్కినట్టే ఉంటుంది. మొదటి నట్టు చక్కగా కూర్చుంటుంది, రెండోది కూడా. మూడోది కాస్త బిగువుగా పోతుంది. నాలుగోది తిప్పుతుంటే నట్టు శంకువు రంధ్రంలో ఒక పక్కకే ఆనుతుంది, మరో పక్క గోరు పట్టేంత సందు కనిపిస్తుంది. స్పానర్ మీద కాలేసి తొక్కితే ఆ సందు మూసుకుంటుంది, బోల్టు మాత్రం వంగుతుంది. బండి 60 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. ఆ నట్టు మెల్లగా వదులవుతూనే ఉంటుంది. నట్టు అడుగు కూడా చూసుకో. కొన్ని డిస్కులకి శంకువులా ఉండాలి, కొన్నిటికి గుండ్రంగా. ఒకదాని నట్టు ఇంకోదానికి వాడకూడదు.

ఇంతా చెప్పి నా సలహా ఏమిటంటే, ఆ ఐరన్ డిస్కులే ఉంచు. ఇసుక కొట్టించి తుప్పు తీయించు, పగుళ్లున్నాయేమో వెలుగులో చూడు, తిప్పితే ఊగుతున్నాయేమో చూడు, బాగున్నవాటికి రంగు వేయించు. వాటి మీద క్రోమ్ కప్పులు పెట్టి బందరు రోడ్డు మీద వస్తుంటే ఏ అల్లాయ్‌కీ ఆ అందం రాదు. అందం సంగతి అలా ఉంచినా, అల్లాయ్‌లకి పెట్టే డబ్బులో మంచి టైర్లు అయిదు వస్తాయి. అయిదూ అన్నాను, నాలుగు కాదు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. వెనక ఇరుసుకి ఒక పక్క 606, ఇంకో పక్క 578 పెట్టి దూరం పోతే ఇరుసు నడుమ రెండు చక్రాలకీ తిప్పుడు పంచే డిఫరెన్షియల్ ఊరికే అరుగుతుంది.

టైరు ఏది వెయ్యాలో, డిస్కు వెడల్పు నాలుగు అంగుళాలో కాదో తేలాక చూద్దాం. 165/80 R14 స్విఫ్ట్ లాంటి బండ్లకి వచ్చే సైజు కాబట్టి ఏ కొట్టుకెళ్లినా ఉంటుంది. 155 దొరికితే నా మొగ్గు దానికే, స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది. బావగారు అరవై దాటాక కూడా ఆ బండిని గుంటూరు అరండల్‌పేట సందుల్లో పార్క్ చేస్తున్నారంటే అది సన్న టైర్ల పుణ్యమే. రేడియల్ (సైజులో R ఉన్న టైరు) వేస్తే నాలుగూ రేడియలే వెయ్యి. ముందు రేడియల్, వెనక నైలాన్ అనే కలగాపులగం అసలు వద్దు, వానలో వెనక భాగం జారిపోతుంది.

ట్యూబ్ లేకుండా నడపాలని ఆశపడకు. ఇప్పటి డిస్కుల్లో టైరు అంచు జారకుండా లోపల చిన్న గట్టు ఉంటుంది, ఆ కాలం డిస్కుల్లో చాలావాటికి ఉండదు. గాలి తగ్గిన టైరు మలుపులో డిస్కు నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. అందుకని ట్యూబ్ వెయ్యి, రేడియల్‌కి తగిన ట్యూబే అడుగు. టైరు లోపల అంటించిన కాగితపు స్టిక్కర్లు పీకేయించు, అవి ట్యూబ్‌ని కొరుకుతాయి. వాల్వు రంధ్రం కూడా చూడు. రంధ్రం పెద్దదై వాల్వు సన్నదైతే అది అటూ ఇటూ ఆడి మొదలు దగ్గర కోసుకుపోతుంది, బుష్ వేయించాలి. పంక్చర్ కొట్టు కుర్రాళ్లు చూడరు, నువ్వు నిలబడి చూసుకోవాలి.

కొనేటప్పుడు పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు వెతుకు. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. పాత కార్ల సైజులు గోడౌన్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, డిస్కౌంట్ ఇస్తామంటే ముందు ఆ అంకెలు చూడు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడు. రీబటన్ టైర్లు, అంటే పాత టైరు మీద కొత్త ట్రెడ్ అంటించినవి, లారీలకి సరే, నీకు వద్దు. ఇప్పుడున్న టైర్లు అరగలేదు కదా అనుకుంటున్నావేమో, షెడ్డులో నిలబడిన టైరు అరగదు, ఎండుతుంది. గోడని బొటనవేలితో ఒత్తి చూడు, సన్న పగుళ్లు విచ్చుకుంటాయి. రోహిణి కార్తెకి రోళ్లు పగిలే ఊళ్లు మనవి. ఆ ఎండలో గుంటూరు–బెజవాడ హైవే మీద ఆ టైర్లతో అక్కని ఎక్కించుకుని రావద్దు.

టైర్లు ఎక్కించాక అసలు పరీక్ష ఉంది. టైరు భుజాలకి దట్టంగా సుద్ద పూయి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకీ, తర్వాత పూర్తిగా కుడికీ తిప్పి మెల్లగా ముందుకీ వెనక్కీ నడుపు. తర్వాత వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, ఒక పెద్ద స్పీడ్ బ్రేకర్‌ని ఏటవాలుగా ఎక్కించు, ఒక చక్రం పైకి, ఒకటి కిందికి ఉండేట్టు. దిగి చూడు. మడ్‌గార్డు లోపలి అంచు మీద గానీ, కమాన్ కట్ట పక్కన గానీ తెల్లటి గీత పడిందంటే అక్కడ తగులుతోందన్నమాట. ఖాళీ బండితో ఇంటి ముందు చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు.

గాలి విషయంలో, నైలాన్ టైరుకి బావగారు కొట్టించే లెక్క కంటే రేడియల్‌కి రెండు మూడు పౌండ్లు ఎక్కువ పెట్టించు, ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు. రేడియల్ పక్క ఉబ్బినట్టు కనపడటం సహజం, కంటితో చూసి గాలి తక్కువనుకోవద్దు.

కాగితాల సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే. తయారీదారు ఇచ్చిన దానికి దూరంగా పోతే ఫిట్‌నెస్ దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా నువ్వే జవాబు చెప్పుకోవాలి. 2028లో ఈ కారుకి 50 ఏళ్లు నిండుతాయి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం అప్పుడు వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు, కానీ ఆ నంబరు వేయించుకున్న బండిని రోజువారీగా రోడ్డెక్కించకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. బావగారు రోజూ తిప్పాలనుకుంటే అది వద్దు. ఏది ఎంచుకున్నా, కారుని దాని అసలు రూపంలో ఉంచుకుంటే రెండు దారులూ తెరిచి ఉంటాయి.

కొలతలు ఒక కాగితం మీద రాసి ఫోటో పంపు: డిస్కు లోపలి వెడల్పు, కర్ర పెట్టి తీసిన కొలత, బోల్టుల మధ్య దూరం, వాల్వు రంధ్రం, టైరుకీ కమాన్ కట్టకీ మధ్య సందు. అవి చూసి ఇక్కడ టైర్లు నేను మాట్లాడి పెడతాను, ఆదివారం కాకుండా ఏ రోజైనా రా. బిగించి గుంటూరు తీసుకెళ్లాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మరోసారి బిగించడం మర్చిపోకు. కొత్తగా రంగు వేసిన డిస్కుకి రంగు నలిగి నట్టు కాస్త వదులు కావచ్చు.

ఇట్లు,
మీ మావయ్య