పైన నలుపు, కింద ఎరుపు: కొండ అడవి నేలలో మూడో ఏట పంట ఎందుకు తగ్గింది?

ప్రశ్న: పాడేరు దగ్గర కొండవాలులో మాకు అటవీ హక్కుల పట్టా భూమి రెండెకరాలు ఉంది. తుప్పలు కొట్టి, కాల్చి సాగు మొదలుపెట్టాం. మొదటి రెండేళ్లు సామలు, రాజ్‌మా బాగా పండాయి. మూడో ఏడు ఎకరాకు బస్తా డీఏపీ చల్లినా రాజ్‌మా పసుపు తిరిగి గిడసబారింది. భూసార పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్) 5.2, సేంద్రియ కర్బనం 1.1 శాతం, భాస్వరం ఎకరాకు 6 కిలోలు అని వచ్చింది. కర్బనం బాగానే ఉందంటున్నారు, మరి పంటేమైంది? జిప్సం వేయమని ఒకరు, సున్నం వేయమని ఒకరు చెబుతున్నారు. పై వైపు జేసీబీతో చదును చేయించి అల్లం వేయాలనుకుంటున్నాం. సలహా ఇవ్వగలరు.
– ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

సమాధానం: ముందు జేసీబీ మాట ఆపండి. మిగతావన్నీ సరిచేసుకోవచ్చు గానీ, ఈ నేలలో పైమట్టిని ఒకసారి కిందికి నెట్టేస్తే మళ్లీ తెచ్చుకోలేరు. ఎందుకో మీ కళ్లతో మీరే చూడండి. పొలం గట్టు అవతల, తుప్పలు కొట్టని చోట మోకాలి లోతు గొయ్యి తీయండి. పైన ఎండుటాకు ఉంటుంది. దాని కింద సగం కుళ్లిన ఆకు, మధ్యలో తెల్లటి బూజు దారాలు కనిపిస్తాయి. ఆ కింద జానెడు మందాన నల్లగా, గుల్లగా, పిడికిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలే మట్టి వస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా ఎర్రమట్టి మొదలవుతుంది. తడిపితే వేళ్లకు అంటుకుంటుంది, ఆరితే గట్టిపడుతుంది. ఇంకా కిందికి పోతే గోటికే పొడయ్యే మెత్తటి రాయి తగులుతుంది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉన్న ఖోండలైట్ రాయి చివికి ఏర్పడిన మట్టి ఇది. బడి పుస్తకాల్లో ‘అటవీ, పర్వత నేలలు’ అని ఒకే పేరుతో చెబుతారు గానీ, కొండను బట్టి, రాయిని బట్టి ఈ నేలలు మారిపోతుంటాయి. మీది అడవి కింద తయారైన ఆమ్ల ఎర్రనేల, అంటే పులుపు నేల. ఉదజని సూచిక 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు.

ఈ నేల బలమంతా ఆ నల్లటి జానెడులోనే ఉంది. కింది ఎర్రమట్టిలోని బంకకు పోషకాలను పట్టి ఉంచే శక్తి చాలా తక్కువ. కుళ్లిన ఆకు నుంచి వచ్చిన హ్యూమస్‌కు బరువుకు బరువు చూస్తే దానికంటే పది రెట్లకు పైగా ఉంటుంది. చెట్టు లోతు నుంచి లాగిన సున్నం, పొటాష్ ఆకుగా రాలి పైకి చేరుతుంటాయి. అవి నేలలో నిల్వ ఉన్నవి కావు, ఏటా తిరుగుతూ ఉండేవి. చెట్టు పోతే ఆ తిరుగుడు ఆగిపోతుంది.

తుప్పలు కాల్చినప్పుడు ఆ నిల్వ అంతా ఒక్కసారిగా బూడిదై నేలకు అందింది. బూడిద క్షారం కాబట్టి పులుపు తగ్గింది, భాస్వరం, పొటాష్ చేతికందాయి. మొదటి రెండేళ్ల పంట దాని పుణ్యమే. నత్రజని, గంధకం మాత్రం చాలావరకు పొగలోనే పోయాయి. మిగిలిన బూడిదను వానలు కడిగేశాయి. పోడు చేసే పెద్దలు రెండు మూడు పంటలు తీసి చాలా ఏళ్లు బీడు వదిలేవారంటే కారణం ఇదే.

వాలు నుంచి ఒక్క సెంటీమీటరు మందం కొట్టుకుపోయినా ఎకరాకు దాదాపు 50 టన్నుల మట్టి పోయినట్టే. మీ మట్టిలో ఉన్న కర్బనం లెక్కన దాంతోపాటు 40–50 కిలోల నత్రజని, అంటే రెండు బస్తాల యూరియాలో ఉన్నంత పోతుంది.

ఇక మీ పరీక్ష కాగితం సంగతి. కర్బనం 0.75 శాతం దాటితే ఎక్కువ అని రాస్తారు, మీది 1.1. కానీ చల్లటి వాతావరణంలో, పులిసిన నేలలో ఆ సేంద్రియ పదార్థం నెమ్మదిగా కుళ్లుతుంది. లోపల ఉన్న నత్రజని పైరుకు కావాల్సిన వేళకు విడుదల కాదు. భాస్వరం ఎకరాకు 10 కిలోల లోపు ఉంటే తక్కువ కింద లెక్క. నేలలోని ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసి వదలవు. డీఏపీని పైన వెదజల్లారు కాబట్టి ప్రతి గుళికా ఎర్రమట్టికి దొరికిపోయింది.

రాజ్‌మా పసుపు తిరగడానికి ఇంకో కారణం ఉంది, ఇది చాలామందికి తట్టదు. అపరాలన్నీ గాలిలోని నత్రజనిని తెచ్చుకుంటాయి కదా అనుకుంటాం. రాజ్‌మా వేళ్లపై బుడిపెలు సరిగా ఏర్పడవు. మినుము, పెసరలా కాదు, దీనికి ఎకరాకు 40 కిలోల దాకా నత్రజని కావాలి. బస్తా డీఏపీలో ఉన్నది 9 కిలోలే. ఈసారి నాలుగు మొక్కలు మెల్లగా తవ్వి తీసి, వేళ్లు కడిగి చూడండి. వేరు కొసలు పొట్టిగా, లావుగా, గోధుమ రంగులో మొద్దుబారి ఉంటే అల్యూమినియం విషమని అర్థం. ఉదజని సూచిక 5.5 కంటే తగ్గినప్పుడు వచ్చే జబ్బు అది. మీకు 5.2 ఉంది కాబట్టి అనుమానించాల్సిందే.

జిప్సం వద్దు. అది చౌడు నేలల మందు, మీ నేల పులుపును తగ్గించదు. మీకు కావాల్సింది సున్నపురాయి పొడి గానీ డోలమైట్ గానీ. డోలమైట్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది కాబట్టి, రెండూ ఒకే ధరకు దొరికితే దాన్నే తీసుకోండి. పొడి మెత్తగా ఉండాలి. ఇసుకలా గరుకుగా ఉన్నది ఏళ్ల తరబడి కరగదు. 100 కిలోల సున్నపురాయి పొడి చేసే పని 74 కిలోల తడిపిన సున్నం, లేదా 56 కిలోల కాల్చిన సున్నం చేస్తుంది. కాల్చిన సున్నం చేతులు, కళ్లు పాడుచేస్తుంది, జాగ్రత్త. పొలమంతా సరిచేయడానికి ఎంత కావాలో ఉదజని సూచికను బట్టి మాత్రమే చెప్పలేం. ‘సున్నం అవసరం’ పరీక్ష విడిగా చేయమని ప్రయోగశాలలో అడగండి. అంత ఖర్చు పెట్టలేకపోతే ఏటా ఎకరాకు 80–160 కిలోలు విత్తే సాళ్లలోనే వేసి మట్టిలో కలపండి. చాలా పొలాలకు ఇదే గిట్టుబాటు. పొలమంతా వేసేటట్లయితే తొలకరి జల్లులకు, విత్తడానికి మూడు నాలుగు వారాల ముందు వేయాలి. సున్నంతో యూరియా, డీఏపీ కలిపి వేస్తే అమ్మోనియా వాసన కొడుతుంది, అంటే మీ డబ్బు గాలిలో కలుస్తోందన్నమాట. ఉదజని సూచిక 6 దగ్గరికి వస్తే చాలు. ఇంకా పెంచితే జింకు, బోరాన్ అందవు.

భాస్వరానికి డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడండి. భాస్వరం లెక్కన మూడు బస్తాల సూపర్ ఒక బస్తా డీఏపీకి సమానం, పైగా కాల్షియం, గంధకం కూడా అందుతాయి. చివికిన పశువుల ఎరువులో కలిపి, విత్తనానికి రెండంగుళాలు పక్కగా, కొంచెం లోతుగా సాలులో పడేటట్టు వేయండి. రసాయన ఎరువులు వద్దనుకుంటే రాక్ ఫాస్ఫేట్ పొడి మీ నేలలో బాగా పనిచేస్తుంది, దాన్ని కరిగించేది ఆ పులుపే. సున్నం వేసిన సాలులోనే దాన్ని వేస్తే ఆ లాభం పోతుంది. నత్రజని సగం విత్తేటప్పుడు, సగం 25–30 రోజులకు కలుపు తీశాక ఇవ్వండి.

వాలు పని మాత్రం ఈ వేసవిలోనే మొదలుపెట్టండి. ఏడడుగుల కర్రలు రెండు తెచ్చి పైకొసలు కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయండి. రెండు కాళ్లూ నేల మీద పెట్టి, దారం తగిలిన చోట అడ్డకర్రపై గుర్తు పెట్టండి. కాళ్లు అటుదిటు మార్చి, అవే గుంటల్లో పెట్టి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమధ్య సమమట్టం. దారం ఆ మధ్య గుర్తుకు తగిలేటట్టు కాలు మార్చుకుంటూ మేకులు కొడుతూ పోతే సమోన్నత రేఖ, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో సాగే గీత, వస్తుంది. నిలువున మీటరు దిగిన ప్రతిచోటా ఒక రేఖ గీసి, దాని మీద రాతికట్ట పేర్చి, పై పక్కన అనాసో వట్టివేరో నాటండి. దున్నకం, సాళ్లు అన్నీ ఆ గీతల వెంటే సాగాలి. నిలువు సాలు మొదటి గట్టి వానకే కాలువ అవుతుంది.

నిటారుగా ఉన్న పైభాగంలో అల్లం వద్దు. నాటేటప్పుడూ తవ్వేటప్పుడూ మట్టి కదిలిపోతుంది. అక్కడ సిల్వర్ ఓక్, దాని నీడలో కాఫీ వేసి, చెట్లు ఎదిగాక మిరియం ఎక్కించండి. అల్లాన్ని కింది మెత్తటి వాలులో మీటరు వెడల్పు, జానెడు ఎత్తు మడుల మీద నాటండి. నాటగానే ఎకరాకు 4–5 టన్నుల పచ్చి ఆకు పరచండి. 45, 90 రోజులకు మూడేసి టన్నులు చొప్పున మళ్లీ పరచాలి. నీరు నిలిచిందా, దుంపకుళ్లు తప్పదు. ఆకు మీ గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లిరిసిడియా చెట్ల నుంచి రావాలి గానీ, పక్క అడవిలో రాలిన ఆకు ఊడ్చి తేవద్దు. అక్కడి జానెడు కూడా పలచబడిపోతుంది.

ఎక్కడైనా మెట్టు కట్టక తప్పదనుకుంటే నల్లమట్టిని ముందు పారతో పక్కకు తీసి కుప్ప పోయండి. ఎర్రమట్టిని సరిచేశాక దాన్ని తిరిగి పైన పరచండి.

వచ్చే పరీక్షకు వాలు పైభాగం, నడుమ, కిందిభాగం మట్టిని కలిపేయవద్దు. ఒక్కో భాగంలో 8–10 చోట్ల జానెడు లోపు వి ఆకారపు గుంట తీసి, అంచు మట్టి గీకి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అరకిలో మిగల్చండి. నీడలో ఆరబెట్టండి. ఎరువుల సంచిలో మాత్రం పోయవద్దు, లెక్కలన్నీ తప్పుతాయి. కాఫీ వేసే చోట అడుగు లోతుది, రెండో అడుగుది విడివిడిగా ఇవ్వాలి.