బొంతల మిషన్ కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 59 ఏళ్లు. మావారు ప్రభుత్వ టీచరుగా రిటైరయ్యారు. నెలకు 46 వేలు పెన్షన్ వస్తుంది. సొంత ఇల్లు ఉంది, అప్పుల్లేవు. ఖర్చులు పోను నెలకు 12 వేల దాకా మిగులుతుంది. కొంతకాలంగా పాత నూలు చీరలతో చేత్తో అతుకుల బొంతలు కుడుతున్నాను. ఆ పనిలో పడితే టైమే తెలియదు. క్విల్టింగ్‌కి పనికొచ్చే మిషన్ ఒకటి చూశాను, 34 వేలు చెప్పారు. నా పేరున 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. వడ్డీ 7.1 శాతం, ఇంకా 14 నెలలు ఉంది. దాన్ని తీసేయనా, లేక నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా? కుట్టి అమ్మితేనే కొనమని, లేకపోతే దండగ అని మా అబ్బాయి అంటున్నాడు. విశ్వకర్మ పథకంలో పెట్టుకోమని పక్కింటివాళ్లు సలహా ఇచ్చారు. మా అత్తగారి తొక్కుడు మిషన్ ఇంట్లోనే ఉంది గానీ చాలా ఏళ్లుగా నడవడం లేదు.

జవాబు: ముందు మీ అబ్బాయి మాట గురించి చెప్తాను. ఎందుకంటే మీ ఉత్తరం అంతటా మీరు ఆ మాటకే సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు నాకనిపించింది.

ఒక డబుల్ కాట్ బొంత లెక్క వేద్దాం. పైపొరకు, అడుగు పొరకు కలిపి 12 మీటర్ల నూలు గుడ్డ. మీటరు 120 రూపాయలు వేసుకున్నా 1,440. మధ్యలో పెట్టే పొర, దారం కలిపి ఇంకో వెయ్యి. అంటే సామానుకే 2,400 దాటింది. ముక్కలు కోసి, అతికి, మూడు పొరలూ కలిపి కుట్టి, అంచు పట్టీ వేసేసరికి తక్కువలో తక్కువ 50 గంటల పని. ఎగ్జిబిషన్లలో జైపూర్ రజాయిలు అంతకన్నా తక్కువకే దొరుకుతున్నప్పుడు మీ బొంతకు 4,000 పలకడమే గొప్ప. పలికిందనుకున్నా, కొరియర్ ఖర్చు తీసేస్తే గంటకు 30 రూపాయలు కూడా పడదు. పైగా కొన్నవాళ్లకు నచ్చిన రంగులు, వాళ్లు చెప్పిన తేదీ, ఆ టెన్షన్. ఇప్పుడు మీకు దొరుకుతున్న సంతోషం పోతుంది, దాని బదులు వచ్చే డబ్బూ పెద్దగా ఉండదు. కాబట్టి అమ్మడం అనే ఆలోచన పక్కన పెట్టేయండి. తీర్థయాత్రకు వెళ్లొస్తే ఎంత లాభం వచ్చిందని ఎవరూ అడగరు కదా. దీన్నీ అలాగే మీ సంతోషం కోసం పెట్టే ఖర్చు అని బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకోండి. నెలకు 12 వేలు మిగిలే ఇంట్లో అందుకు చోటుంది. మీరు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

అయితే ఆ ఖర్చు ఎందులోంచి పెట్టాలన్నది ముఖ్యం. ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లొద్దు. దీనికి నా దగ్గర రెండు కారణాలున్నాయి.

ఒకటి వడ్డీ. మధ్యలో తీస్తే బ్యాంకు మీకు 7.1 ఇవ్వదు. డబ్బు ఎన్నాళ్లుందో అన్నాళ్లకు అప్పట్లో ఉన్న రేటు కట్టి, అందులోంచి మామూలుగా అర శాతమో ఒక శాతమో కోస్తుంది. మిగిలిన సొమ్ము మళ్లీ వేద్దామన్నా పాత రేటు దొరకదు. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25 శాతానికి దించింది, డిపాజిట్ల రేట్లు కూడా దాని వెంటే తగ్గాయి.

రెండోది వడ్డీ కన్నా పెద్ద కారణం. మీ ఉత్తరం మొత్తంలో మీ సొంత పేరున కనిపించిన డబ్బు ఈ 3 లక్షలే. పెన్షన్ మీవారిది. చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. రేపు ఆయన లేని పరిస్థితి వస్తే మీకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఇప్పటి పెన్షన్ కన్నా తక్కువగా ఉండొచ్చు. అది మొదలవడానికి కాగితాల పని ఉంటుంది, కొన్ని నెలలు పట్టినా పట్టొచ్చు. ఆ రోజుల్లో మీరు ఎవరినీ అడగకుండా తీసుకోగలిగే డబ్బు ఇదే. పెన్షన్ పడే అకౌంటు మీ ఇద్దరి పేరునా ఉందో లేదో ఈ వారమే బ్యాంకుకు వెళ్లి చూసుకోండి. ఎఫ్‌డీకి నామినీ రాసి ఉందో లేదో కూడా అక్కడే అడగండి.

పద్నాలుగు నెలల తర్వాత ఆ ఎఫ్‌డీ చేతికొచ్చేసరికి మీకు 60 నిండుతాయి. అప్పుడు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేసుకోవచ్చు. దాని రేటును 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెంచారు, 2025 అంతా అదే ఉంది. మీరు చేరే రోజున ఉన్న రేటే ఐదేళ్లూ వర్తిస్తుంది. 8.2 ప్రకారం 3 లక్షల మీద ప్రతి మూడు నెలలకూ 6,150 రూపాయలు మీ అకౌంట్లో పడతాయి. అంటే నెలకు రెండు వేల పైమాట. అసలు కదలదు, గుడ్డలకూ దారాలకూ మీ వడ్డీ మీకు సరిపోతుంది.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. పేరులో కాస్ట్ లేకపోయినా వడ్డీ ఉంటుంది. ఆ వడ్డీ మేరకు అమ్మేవాళ్లు ధరలో తగ్గించి చూపిస్తారు, బ్యాంకు దాన్ని మీ దగ్గర వసూలు చేస్తుంది. తొమ్మిది నెలలకు వడ్డీ 2,000 అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ 360 రూపాయలు మీ మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారని అదే షాపులో అడిగి చూడండి. వాళ్లు వెయ్యో, పదిహేను వందలో తగ్గిస్తే ఈఎంఐ వల్ల మీరు పోగొట్టుకునేది అంత.

దానికి బదులు వచ్చే నెల నుంచి 3,800 చొప్పున తొమ్మిది నెలలకు ఒక ఆర్‌డీ కట్టండి. వడ్డీ కాకుండానే 34,200 అవుతుంది. నెలకు ఇంకా 8,200 మిగులుతుంది.

తొమ్మిది నెలలు ఆగాలా అనకండి, మీ ఇంట్లో మిషన్ ఉంది! పాత తొక్కుడు మిషన్లు అంత తేలిగ్గా పాడయ్యే రకం కావు. ఎన్నో ఏళ్లు వాడకపోతే నూనె గట్టిపడి బిగుసుకుపోతాయి, బెల్టు తెగుతుంది. మెకానిక్‌ని పిలిచి విప్పించి, శుభ్రం చేయించి, కొత్త బెల్టు వేయించండి. చాలా వరకు వెయ్యి, పదిహేను వందల్లో తెమిలిపోతుంది. తొక్కడం మోకాళ్లకు కష్టమైతే చిన్న మోటారు తగిలిస్తారు. బొంతకు కావాల్సింది తిన్నటి కుట్టు, అది ఈ మిషన్ శుభ్రంగా వేస్తుంది. పెద్ద బొంత మొత్తాన్ని సూది పక్కనుండే ఆ కొద్దిపాటి ఖాళీలో దూర్చడమే చిక్కు. దానికి క్విల్ట్ కుట్టేవాళ్లు ఒక పద్ధతి పాటిస్తారు. చదరాలను విడివిడిగా మూడు పొరలతో కుట్టేసుకుని, చివర్లో ఒకదానికొకటి కలుపుతారు. ఈ మిషన్ మీద రెండు మూడు బొంతలు పూర్తి చేశాక కొత్తదానిలో మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది. పక్కన ఎక్కువ చోటు కావాలా, పొరలు జరగకుండా పైనుంచి కూడా గుడ్డను లాగే ఫుట్ (సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే భాగం) చాలా? ఆ ఫుట్ ఒక్కటే చాలనుకుంటే, అది వేసుకోగలిగే మామూలు మోటారు మిషన్ 34 వేలలో సగానికే రావచ్చు. లేదు, ఇదే కావాలంటే నిక్షేపంగా కొనుక్కోండి.

ఈ హాబీలో డబ్బు నిజంగా పోయేది మిషన్ దగ్గర కాదు, గుడ్డల దగ్గర. పెడన కలంకారీ తాను కనిపిస్తే రెండు మీటర్లు, మంగళగిరి నూలు కనిపిస్తే ఇంకో మూడు, కట్ పీసుల షాపుకు వెళ్తే చేతి సంచి నిండా. ఏడాది తిరిగేసరికి అల్మరాలో మిషన్ ఖరీదంత గుడ్డ చేరుతుంది, కుట్టింది మాత్రం రెండు బొంతలు. అందుకని నెలకు 1,500 అని గీత గీసుకోండి. పెన్షన్ పడిన మర్నాడే అది మీ పేరున ఉన్న వేరే సేవింగ్స్ అకౌంటుకు మారేలా బ్యాంకులో చెప్పి, గుడ్డల కొనుగోళ్లన్నీ ఆ అకౌంటు నుంచే చేయండి. ఒక నెల కొనకపోతే వచ్చే నెలకు 3,000 ఉంటాయి. అందులో లేనప్పుడు ఎంత మంచి గుడ్డయినా అక్కడే వదిలేయండి. చేతిలో ఉన్న బొంత పూర్తయ్యాకే తర్వాతి దానికి గుడ్డ కొంటే ఇంకా మంచిది. కొత్త గుడ్డను కోయకముందే ఉతికి ఆరేయడం మరిచిపోకండి. ఒక్క ముక్క రంగు దిగితే 50 గంటల పని పాడవుతుంది.

చుట్టాలు తమకూ ఒకటి కుట్టిపెట్టమని అడుగుతారు. మనవలకు కుట్టేది మీ సంతోషం. మిగతావాళ్ల దగ్గర మొహమాటం లేకుండా గుడ్డ తెచ్చివ్వమనండి.

విశ్వకర్మ పథకం మీకు వర్తించదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో దర్జీలకు 15 వేల టూల్‌కిట్ సాయం, 5 శాతం వడ్డీకి రుణం ఉన్న మాట నిజమే. కానీ అది కుట్టుపనినే జీవనాధారం చేసుకున్నవాళ్ల కోసం పెట్టింది. దాన్ని వాళ్లకే వదిలేద్దాం.

మిషన్ కొనే రోజున ఒక విషయం గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో 5 శాతమే ఉందో లేదో చూసుకోండి. సర్వీసు కాకినాడలోనే ఉందా, లేక మిషన్‌ను వేరే ఊరు పంపాలా అని కూడా అడగండి. ఇంటి నుంచి మూడు పొరల బొంత ముక్క ఒకటి తీసుకెళ్లి, మీరు కొనబోయే మిషన్ మీదే మీ చేత్తో కుట్టి చూశాకే డబ్బు కట్టండి.