కామ్ మార్చాక కిక్కర్ తిరిగి తంతోంది

ప్రశ్న: బాబాయ్, నాది పాయింట్ల (విడిపోయినప్పుడు స్పార్క్ పుట్టించే పాత రకం స్విచ్చు) బుల్లెట్ 350. నెల క్రితం పెర్ఫార్మెన్స్ కామ్‌లు (వాల్వుల్ని తెరిపించే ఉబ్బు చక్రాలు) వేయించాను. చల్లగా ఉన్నప్పుడు నాలుగో కిక్కుకి స్టార్టవుతోంది. కానీ కిక్కర్ తిరిగి తంతోంది, మడమ వాచింది. పది నిమిషాలు తిప్పితే కార్బొరేటర్లోంచి టప్‌టప్‌మని కొట్టి లాగడం మానేస్తోంది. ట్యాపెట్ శబ్దం వస్తోందంటే మెకానిక్ బిగించి ఇచ్చాడు. శబ్దం పోయింది, రోగం పెరిగింది. పాత కామ్‌లే పెట్టించెయ్యనా?
- తెనాలి పాఠకుడు

జవాబు: ఆగు అబ్బాయ్. రోగం ఎక్కడుందో నీ ఉత్తరంలో నువ్వే రాశావు: 'బిగించి ఇచ్చాడు, శబ్దం పోయింది.' బుల్లెట్‌లో ట్యాపెట్ కాస్త టిక్‌టిక్‌మంటేనే నాకు నిద్ర పడుతుంది. అసలు శబ్దం లేదంటే పుష్‌రాడ్ (కామ్ కదలికను పైన వాల్వుకి అందించే కడ్డీ) వాల్వుని పూర్తిగా మూసుకోనివ్వడం లేదేమోనని అనుమానం. ఇన్‌లెట్ వాల్వు మూసుకోకపోతే మంట కార్బొరేటర్లోకి తంతుంది. ఎగ్జాస్ట్ వాల్వైతే ఇంకా చేటు, అంచు కాలిపోతుంది.

రాత్రంతా బండిని చల్లారనిచ్చి, పొద్దున్నే కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసుకునే దశలో) పిస్టన్‌ని టీడీసీకి, అంటే అన్నిటికన్నా పై స్థానానికి తెచ్చి, బ్యారెల్ కింద ట్యాపెట్ కవర్ విప్పు. రెండు పుష్‌రాడ్లూ వేళ్ళతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఊగకూడదు. కామ్‌తో పాటు ట్యాపెట్‌కి వేరే గ్యాప్ రాసిన కాగితం వచ్చుంటే దాన్నే పాటించు. డీకంప్రెసర్ (కిక్కు సులువయ్యేలా కంప్రెషన్ వదిలే మీట) కేబుల్‌కి కాస్త వదులుందో లేదో కూడా చూడు. అది బిగుసుకున్నా కంప్రెషన్ కారిపోతుంది.

కిక్కర్ తన్నడం వేరే సంగతి. ఇగ్నిషన్ ముందుకు జరిగింది, అంటే స్పార్క్ రావాల్సిన దానికన్నా ముందే వస్తోంది. కామ్‌లు తీసి పెట్టేటప్పుడు అది కదిలి ఉంటుంది. ముందు పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టు. తర్వాత పిస్టన్ టీడీసీకి ఇంకా 0.8 మి.మీ. కింద ఉండగా పాయింట్లు విడిపోవడం మొదలయ్యేలా సరిచెయ్యి. మధ్యలో సిగరెట్ కాగితం ఇరికించి మెల్లగా లాగుతూ ఉంటే, విడిపోయిన క్షణంలో జారి చేతిలోకి వస్తుంది. ఇంత చవకైన మీటరు ఇంకోటి లేదు.

ఇవి రెండూ సరిచేశాకే కార్బొరేటర్ జోలికి వెళ్ళు. కాసేపు గట్టిగా లాగించి ప్లగ్ తీసి చూస్తే తెల్లగా ఉందనుకో, పెట్రోలు చాలడం లేదని అర్థం. మెయిన్ జెట్ ఒక సైజు పెంచు.

అప్పటికీ దారికి రాకపోతే టైమింగ్ కవర్ విప్పించి కామ్ చక్రాల గుర్తులు కలిశాయో లేదో చూడమను. చల్లగా బాగానే నడుస్తోందంటున్నావు కాబట్టి కామ్ చక్రం ఒక పన్ను పక్కకి తప్పి కూర్చుందని నేననుకోను. పని నేర్చుకునే రోజుల్లో నేనే ఒక పన్ను తప్పించి బిగించి, తెల్లారేదాకా కార్బొరేటర్ కడుగుతూ కూర్చున్నాను. మా మేస్త్రి వచ్చి నవ్వాడే గానీ చెప్పలేదు!

ఐడిలింగ్ మాత్రం మునుపటిలా నిదానంగా ఉండదు. ఈ కామ్‌లు వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి, అందుకే తడబడుతుంది. దానికి ఏ మెకానిక్‌నీ తిట్టకు. ఎక్కువగా ఊళ్ళోనే తిరిగే బండైతే, ఆ డుగ్‌డుగ్ కావాలనుకుంటే, అప్పుడు పాత కామ్‌లే పెట్టించుకో.